తూకం ఆవిడ సంతకం

అత్తగారు కిటికీ గట్టు మీద చూపుడు వేలు ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత గీసి, ఆ వేలిని తీసుకొచ్చి కోడలి ముఖం ముందు పెట్టారు. వేలి కొసకు నల్లటి నుసి అంటుకుని ఉంది. పావుగంట క్రితం తుడిచిన గట్టు అది. కోడలు పాల కింద మంట తగ్గించి, భుజం మీది గుడ్డ తీసి మళ్ళీ తుడిచింది. ఇది పొద్దుటి తనిఖీ. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే ఇంకొకటి ఉంటుంది. సెలవు రోజైతే మధ్యాహ్నం కూడా ఒకటి కలుస్తుంది.

"మా కాలంలో కిటికీ గట్టు మీద అన్నం పెట్టుకుని తినేవాళ్ళం, అంత శుభ్రంగా ఉండేది," అంటారు అత్తగారు, ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు. అంత కరువేమొచ్చింది, ఇంట్లో కంచాలు లేవా అని అడగాలని పన్నెండేళ్లుగా ఆమె నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోతూ ఉంది. తల్లి మాటకు భర్త తన మాట జోడిస్తాడు. "దుమ్ము తూచి జీతం తెచ్చుకునే మనిషి మా ఆవిడ. ఇంట్లో దుమ్ము మాత్రం కంటికి ఆనదు." వచ్చినవాళ్ళు నవ్వుతారు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే సరదా తెలియని మనిషనే పేరు కూడా మోయాలి. ఇంటెడు చాకిరీలో ఆ నవ్వు కూడా ఒక పనేనని, దానికీ ఒళ్ళు అలుస్తుందని చెబితే ఎవరికి అర్థమవుతుంది?

అతను అన్నదాంట్లో సగం నిజమే. ఆమె దుమ్ము తూస్తుంది. నగరం గాలిని పరీక్షించే ప్రయోగశాలలో పదకొండేళ్లుగా ఆమె పని అదే. నగరంలోనూ శివార్లలోనూ ఏడు మేడల మీద ఏడు యంత్రాలున్నాయి. ఒక్కో యంత్రం రోజంతా గాలిని పీల్చి, అరచేతిలో ఇమిడే గుండ్రటి తెల్ల కాగితం గుండా వదులుతుంది. తెల్లగా వెళ్లిన కాగితం బూడిద రంగుతో తిరిగొస్తుంది. వెళ్లేముందు దాని బరువెంత, వచ్చాక ఎంత, ఆ తేడాయే జనం పీల్చిన దుమ్ము. ఉప్పురవ్వ ఒకటి మీద పడినా లెక్క తప్పుతుంది. అందుకని తూకం గదిలోకి పౌడరు రాసుకుని వెళ్లకూడదు, సెంటు పూసుకోకూడదు, కాగితాన్ని వేలితో తాకకూడదు. పట్టకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కోదాన్ని మూడేసిసార్లు తూచాలి. ఊపిరి బిగబట్టడం ఇంట్లో నేర్చిన విద్యే కాబట్టి ఉద్యోగంలో ఆమెకు ఇట్టే పట్టుబడింది. అక్కడ ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. తూకం ఆవిడ అంటారు.

ఆ గదిలో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనది తోడు కాగితం. ప్రతి విడతలోనూ ఒక కాగితాన్ని మిగతావాటితోపాటు డబ్బాలో పెట్టి పంపిస్తారు. అదీ మేడ ఎక్కుతుంది, దాని డబ్బా మూత కూడా తెరుస్తారు, మూస్తారు, కానీ యంత్రంలో పెట్టకుండా వెనక్కి తెస్తారు. దాని బరువు ఏ కాస్త పెరిగినా అది గాలి తప్పు కాదు, మన చేతుల తప్పు. ఆ బరువును అన్ని లెక్కల్లోంచీ తీసేస్తారు. ఊరి మీద నేరం మోపేముందు మన చేతి మురికి మనం తూచుకోవడమన్నమాట. ఇదే పద్ధతి ఇళ్లల్లో కూడా ఉంటే ఎంత బాగుండునని ఆమె పట్టకారు కడిగినప్పుడల్లా అనుకునేది.

ఆ ఏడాది నగరం మీదికి పొగా దుమ్మూ కలిసిన మసక ముందుగానే దిగింది. నెలల తరబడి ఎదురు అపార్ట్‌మెంటులో పై మూడు అంతస్తులు కనపడలేదు. ఎనిమిదేళ్ల కూతురికి దగ్గు పట్టుకుంది. బడికి వెళుతుంటే దగ్గు, పడుకుంటే దగ్గు, నవ్వితే మరీ దగ్గు. పిల్ల నవ్వడమే తగ్గించేసింది. డాక్టరు ఛాతీ పరీక్ష చేసి, "ఇంట్లో దుమ్ము ఎక్కువా?" అన్నాడు. అడిగింది ఇద్దరినీ. భర్త తల తిప్పి ఆమె వంక చూశాడు. ఆ చూపు వెంట డాక్టరు కూడా ఆమె వంకే చూశాడు. కన్నతల్లి శుభ్రత మీద ఇద్దరు మగవాళ్లు ఒక్క మాట లేకుండా తీర్పిచ్చేశారు. ఇంటికొచ్చేదాకా ఆమె చెవులు వేడిగానే ఉన్నాయి.

భర్తకు గాలిని శుభ్రం చేసే యంత్రాల దుకాణం ఉంది. మసక ఎంత దట్టంగా ఉంటే దుకాణం అంత కళకళలాడుతుంది. కొనడానికి వచ్చినవాళ్లకు అతను చెప్పే మాటలు ఆమెకు కంఠతా వచ్చు. బయట గాలి మన చేతుల్లో లేదండీ, ఇంట్లో గాలిని పాడుచేసేది మన వంటిల్లే, ఆడవాళ్లు వేపుళ్ళంటూ పొగ లేపుతారు, పిల్లలు దగ్గుతారు. ఆ యంత్రం ఒకటి వాళ్ల హాల్లోనూ ఉంది. వారానికోసారి దాని జల్లెడ విప్పి, నల్లగా కారే నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది ఆరబెట్టేది ఆమే. ఆ యంత్రం శుభ్రం చేసే గాలి వెనక ఇంకో మనిషి చేతులున్నాయని అతని కరపత్రాల్లో ఎక్కడా ఉండదు.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన మర్నాడు ఆమె ప్రయోగశాల సామాన్ల గదిలోంచి పక్కన పడేసిన రెండు చిన్న పంపులూ, అంచు కాస్త దెబ్బతిని పనికిరావని తీసేసిన కాగితాలూ అడిగి తెచ్చుకుంది. ఒక పంపును వంటింట్లో పొయ్యికి ఎదురు గోడకు తగిలించింది. రెండోదాన్ని అత్తగారు తనిఖీ చేసే కిటికీ గట్టు మీదే, బయటివైపు పెట్టింది. తోడు కాగితాన్ని మరిచిపోలేదు. నేరం తనదైతే తనదేనని తేలాలి, అంతే. వారం రోజులు రోజూలాగే వండింది, వేయించింది, ఉడికించింది. "ఆఫీసును కొంపలోకి తెచ్చావా?" అన్నారు అత్తగారు. "మా ఆవిడకి పరిశోధన పట్టుకుంది," అన్నాడు భర్త. ఆమె పంపులో కాగితం మార్చింది.

వారం తర్వాత తూచింది. రసాయనాల గదిలో పనిచేసే స్నేహితురాలు వాటిలో ఏముందో చూసిపెట్టింది. కట్టెలు కాలితే ఆ పొగలో ఒక రకం చక్కెర మిగులుతుంది. బొగ్గు కాలితే గంధకం మిగులుతుంది. ఎవరు ఏది కాల్చారో కాగితం దాచుకోలేదు. వంటింటి కాగితం మీద పడిన దుమ్ములో ఆమె వంట తాలూకుది ఐదో వంతు. మిగతా నాలుగు వంతులూ బయట గట్టు మీదున్నదే, లోపలికి వచ్చినదే. అందులో సగానికి సగం గంధకం కలిసిన పొడి. గాలి వాయవ్యం నుంచి వీచిన రోజుల్లో ఇంకా ఎక్కువ. ఆ దిక్కున, రైల్లో అరరోజు ప్రయాణమంత దూరంలో, బొగ్గుతో కరెంటు తయారుచేసే పొగగొట్టాలు వరసగా ఉన్నాయి. అక్కడ లేచిన పొగ దారి పొడవునా గాలిలో నానుతూ, సన్నటి పొడిగా మారుతూ, ఊళ్లు దాటుకుని వచ్చి ఈ గట్టు మీద దిగుతోంది. పన్నెండేళ్లుగా అత్తగారి వేలికి అంటుకుని ఆమె ముఖం ముందుకొచ్చింది అదే. తూకం గదిలో ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఆ గదిలో నిషిద్ధం కాబట్టి బయటికొచ్చి గోడకానుకుని నిలబడింది.

ఇంట్లో చెప్పింది. భర్త ఫోనులోంచి తలెత్తకుండా విన్నాడు. "ఇవన్నీ దుకాణంలో ఎవరి ముందైనా అనేవు," అన్నాడు. అత్తగారు, "అయితే తుడవక్కర్లేదంటావా?" అని అడిగారు. ఆమె గుడ్డ తీసి మళ్లీ తుడిచింది.

మరో నెలకి, శివారులో ఉన్న ఏడో యంత్రం కాగితాలు మార్చే మనిషి సెలవు పెడితే ఆమె వెళ్లాల్సి వచ్చింది. యంత్రం ఒక బడి మేడ మీద ఉంది. మెట్లెక్కి చూసి అక్కడే ఆగిపోయింది. యంత్రానికి నాలుగడుగుల దూరంలో బడి వంటగది పొగగొట్టం గుప్పుగుప్పున పొగ వదులుతోంది. కింద మూడు వందల మంది పిల్లలకు కట్టెల పొయ్యి మీద వంట. ఏ పూట చూసినా ఆ ఒక్క కాగితమే మిగతావాటికి మూడింతలు నల్లగా ఎందుకొస్తుందో యంత్రం అక్కడ పెట్టిన పదకొండు నెలలకు ఆమెకు తెలిసింది. ఆ మేడకు మెట్లున్నాయి, పైన కరెంటు ప్లగ్గుంది, అంతకంటే ఆలోచించకుండా యంత్రాన్ని అక్కడ పెట్టించింది పెద్దసారు. ప్రయోగశాలకు ముఖ్యుడు ఆయనే.

వంటావిడ చేతులు తుడుచుకుంటూ మేడ మీదికొచ్చింది. యాభై ఏళ్ల మనిషి, కనురెప్పల మీద కూడా బూడిద. "మీ డబ్బా రోజూ నా పొగే తాగుతోందమ్మా. పాపం దానికి దగ్గు రాదా?" అంది. గ్యాసు ఇవ్వరా అని ఆమె అడిగింది. ఇస్తామని ఆరేళ్లుగా అంటున్నారట. వంటావిడ మసక వంక చెయ్యి ఊపి, ఇదంతా నా పొయ్యిదే అంటే నేను చాలా గొప్పదాన్నన్నమాట అంది. ఇద్దరూ నవ్వారు. ఆమె వెనక్కి వచ్చి యంత్రం చిట్టాలో తన చేత్తో రాసింది: 'వంట పొగగొట్టానికి నాలుగడుగులు. ఈ కాగితం లెక్కలోకి తీసుకోకూడదు.' వారం తర్వాత చూస్తే ఆ వాక్యం మీద ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది.

ఎందుకు కొట్టేశారో నివేదిక తయారయ్యాక అర్థమైంది. నగరం మీది మసక ఎక్కడి నుంచి వస్తోందో తేల్చమని పైవాళ్లు అడిగారు, పెద్దసారు తేల్చేశారు. శివారు ఇళ్లల్లో, గుడిసెల్లో ఆడవాళ్లు వెలిగించే కట్టెల పొయ్యిలు నూటికి ముప్పై ఆరు పాళ్లు. మొదటి స్థానం వాటిదే. ఏడో కాగితం తీసేస్తే ఆ ముప్పై ఆరు పదకొండుకు పడిపోతుందని ఆమె వేళ్ల మీద లెక్కేయగలదు. బొగ్గు పొగగొట్టాలు నివేదిక చివర 'ఇతర ప్రాంతీయ కారణాలు' అనే గంపలో చేరిపోయాయి. నివేదిక ఒప్పుకున్న మర్నాటి నుంచి శివార్లలో పొయ్యిలు పీకేస్తారు, వెలిగించినవాళ్లకు శిక్ష. వేరే పొయ్యి ఎవరిస్తారో మాత్రం ఏ పేజీలోనూ లేదు.

ఆ ప్రయోగశాలలో ఒక ఆనవాయితీ ఉంది. ఆమె చేరకముందెప్పుడో ఎవరో తూకాలు కల్పించి రాసి పట్టుబడ్డారట. అప్పటి నుంచి ఏ నివేదికైనా బహిరంగ సభలో తెరవాలంటే, తూకం వేసిన మనిషి ముందుగా తూకాల పట్టీ మీద సంతకం పెట్టాలి, సభలో లేచి నిలబడి, 'ఈ తూకాలు నా చేత్తో వేసినవి, సరైనవి' అని నోటితో చెప్పాలి. అది చెప్పందే మొదటి పేజీ తిప్పరు. పదకొండేళ్లలో పదకొండుసార్లు ఆమె ఆ ఒక్క వాక్యం చెప్పి కూర్చుంది. నివేదిక అట్ట మీద ఆమె పేరు ఒక్కసారీ లేదు.

పెద్దసారు తన గదిలోకి పిలిచి పట్టీ ముందుకు జరిపారు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపుడు వేలితో చూపించారు. ఆ వేలును చూస్తూ ఆమె ఏడో కాగితం సంగతి ఎత్తింది. ఆయన కోప్పడలేదు. ఆయన మంచి మనిషనే అందరూ అంటారు, పిల్ల దగ్గు గురించి ముందు ఆయనే అడిగారు. తర్వాత, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పారు.

"చూడమ్మా, వాయవ్యంలో ఉన్న ఆ గొట్టాల్ని ఆపడం నీవల్లా కాదు, నావల్లా కాదు. పొయ్యిలు ఆర్పించడం మన చేతిలో పని. చేయగలిగిన పనినే నివేదికలో ముందు పెట్టాలి."

"చేయగలిగిన పని అని రాయండి సార్. కారణం అని రాయకండి," అంది ఆమె.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తూకం ఆవిడవి, తూకం వరకు చూసుకో అన్నారు. ఎల్లుండి సభ, అప్పటికి పట్టీ సిద్ధంగా ఉండాలి అన్నారు. ఇంట్లో ఒకసారి మీ ఆయనతో మాట్లాడు, ఆయన వ్యవహారం తెలిసినవాడు అని కూడా అన్నారు. ఆమె పట్టీ తీసుకుని వచ్చేసింది. గది బయట చాలాసేపు అర్థం కానిది ఒక్కటే. తన పని గురించి మాట్లాడటానికి తన మొగుడెందుకు?

ఇంటికొచ్చేసరికి అది కూడా అర్థమైంది. హాలు నిండా కరపత్రాల కట్టలున్నాయి. 'మీ వంటింటి పొగే మీ పిల్లల దగ్గు: ప్రభుత్వ నివేదిక' అని పెద్ద అక్షరాలు. నివేదిక ఇంకా తెరవనే లేదు, అతను అచ్చు కూడా వేయించేశాడు. పెద్దసారును ఎప్పుడు కలిశాడో, ఏం మాట్లాడుకున్నారో తెలియదు, ఆమెను కూడా ఒక మాట అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అక్షరాల కింద ఒక ఫోటో ఉంది. పొయ్యి ముందు నిలబడి మూకుడులో గరిట తిప్పుతున్న ఆడమనిషి, వెనక నుంచి తీసింది. చుట్టూ పొగ గీయించారు. ఆమె ఆ జాకెట్టు వీపు కుట్టును గుర్తుపట్టింది. చిరిగితే తనే కుట్టుకున్నది. పక్కన గోడకు తగిలించిన చిన్న పంపు కూడా ఫోటోలో పడింది.

"నువ్వని ఎవరికి తెలుస్తుంది, ముఖం లేదుగా," అన్నాడు భర్త. "ఊరికే ఒక సంతకం. ఎన్ని పెట్టలేదు?"

నిజమే, ఎన్నో పెట్టింది. ఇల్లు మారిన కాగితాల మీద, దుకాణం కాగితాల మీద, పిల్ల బడి కాగితాల మీద, 'ఇక్కడ' అని అతని వేలు ఆనిన చోటల్లా చదవకుండా పెట్టింది. చదవబోతే "నా మీద నమ్మకం లేదా?" అనేవాడు. నమ్మకానికి గుర్తు చదవకపోవడమని ఆమె కూడా ఒప్పేసుకుంది. ఈ పట్టీని మాత్రం చదవక్కర్లేదు. ఇందులో ప్రతి అంకె ఆమె ఊపిరి బిగబట్టి వేసింది. ఈ ఒక్క సంతకం ఆమెది. ఇది కూడా ఇచ్చేస్తే, రేపు ఎవరో ఒక ఇన్‌స్పెక్టరు ఆ వంటావిడ పొయ్యి ముందు నిలబడి ఆమె ముఖం ముందు వేలు ఊపుతాడు. ఆ వేలికి తన సంతకం అంటుకుని ఉంటుంది.

అత్తగారు కరపత్రం ఒకటి తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది మన వంటిల్లే కదూ," అన్నారు కొడుకుతో. అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కరపత్రాన్ని బోర్లా పెట్టి, ఎవరితోనో తెలియకుండా అన్నారు: "మా అత్తగారు తెల్లగుడ్డతో చూసేది. వేలితో కాదు. ఆ గుడ్డను సాయంత్రం మీ మామయ్య వచ్చేదాకా దండెం మీద ఆరేసి ఉంచేది." అంతే, లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ మీద జాలిపడాలో కోప్పడాలో ఆమెకు తెలియలేదు. గుడ్డ నుంచి వేలికి రావడానికి ఒక జీవితం పట్టింది, ఇంకో జీవితం పట్టకూడదు అనుకుంది.

సభ రోజు పొద్దున్న ఆమె పట్టీ మీద సంతకం పెట్టింది. తను పెట్టాలనుకున్న చోట పెట్టింది.

సభ జరిగే హాలు కిక్కిరిసిపోయింది. అధ్యక్షస్థానంలో రిటైరైన జడ్జి ఒకాయన. ముందు వరసల్లో సూట్లు, వెనక వరసల్లో శివారు నుంచి వచ్చిన ఆడవాళ్లు ఓ ఇరవై మంది. తమ పొయ్యిల గురించి ఏదో తేలుస్తారని తెలిసి వచ్చారు. బడి వంటావిడ ఆమెను చూసి చెయ్యెత్తింది. పక్క గోడకానుకుని భర్త, సంచిలో కరపత్రాలతో. పెద్దసారు ఆమె వైపు తల ఊపారు. ఆమె లేచి నిలబడింది. ఊపిరి బిగబట్టడం అలవాటు కొద్దీ బిగబట్టి, మాట్లాడాలంటే వదలక తప్పదని గుర్తొచ్చి వదిలేసింది.

"ఈ తూకాలు నా చేత్తో వేసినవి," అంది. "ఆరు సరైనవి. ఏడోది కాదు."

పెద్దసారు లేచారు. ఆవిడ తూకం ఆవిడండీ, విశ్లేషణ ఆవిడ పని కాదు, ఏదో కంగారుపడుతోంది, కూర్చోమ్మా అన్నారు. ఆమె కూర్చోలేదు.

"తూకం ఆవిడనే. తూకం గురించే చెబుతున్నాను. వంటగది పొగగొట్టానికి నాలుగడుగుల్లో పెట్టిన కాగితం ఊరి దుమ్ము చెప్పదు, ఆ ఒక్క పొయ్యి సంగతే చెబుతుంది. చిట్టాలో నేను రాశాను. కొట్టేశారు. కొట్టేసినా కనపడుతోంది, చూడండి."

చిట్టాను జడ్జి ముందు పెట్టింది. ఎర్రగీత కింద నీలం అక్షరాలను ఆయన పైకి చదివారు. ఏడోది తీసేస్తే పొయ్యిల వాటా ముప్పై ఆరు కాదు, పదకొండని ఆమె చెప్పింది. ఆ పదకొండు ఉందని కూడా చెప్పింది, దాచలేదు. ఆ పొగ ముందు పోయేది వండే మనిషి ఊపిరితిత్తుల్లోకే కాబట్టి, ఆ పదకొండుకు కావలసింది శిక్ష కాదు, గ్యాసు అంది. మిగతా ఆరు కాగితాలూ వాయవ్యం గాలి రోజుల్లో ఒకే రంగుకు ఎందుకు తిరుగుతున్నాయో, ఆ గంధకం ఎక్కడిదో నివేదిక ఆఖరి పేజీలో కాదు, మొదటి పేజీలో రాయాలంది. అప్పటిదాకా తను చెప్పాల్సిన వాక్యం చెప్పనంది. వెనక వరసలో వంటావిడ లేచి నిలబడింది. ఆవిడ పక్కనున్నవాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు లేచారు.

జడ్జి పట్టీ చూశారు. ఆరు వరసల కింద గీత గీసి సంతకం, ఆ కింద ఏడో వరస ఒంటరిగా ఉంది. ఆయన పట్టీ పక్కన పెట్టి, ఆనవాయితీ ప్రకారం నివేదిక తెరవడం కుదరదు, ఆరు కాగితాలతో మళ్లీ తయారుచేసి తీసుకురండి అన్నారు. సభ వాయిదా పడింది. చప్పట్లేమీ కొట్టలేదు ఎవరూ. వంటావిడ మాత్రం గుమ్మం దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని, "మా పొయ్యి బతికిందిలేమ్మా, గ్యాసు వచ్చేదాకా," అంది. బూడిద ఆమె అరచేతికి అంటుకుంది. పట్టకారు లేకుండా ఏదైనా పట్టుకుని ఎన్నాళ్లయిందో.

సాయంత్రానికి పెద్దసారు సంతకంతో కాగితం వచ్చింది. ఆమెను తూకం గది నుంచి సామాన్ల గదికి మార్చారట. ఆమె ఆ కాగితం కిందే జవాబు రాసింది, మార్పుకు కారణం రాతలో ఇవ్వమని, ఆ ప్రతి జడ్జికి కూడా పంపుతున్నానని. ఇంటికొస్తే భర్త కరపత్రాల కట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. నోటి దగ్గర కూడు లాగేశావన్నాడు, నలుగురిలో తల కొట్టేసినట్టయిందన్నాడు. పన్నెండేళ్లలో మొదటిసారి ఆమెకు జవాబు తడుముకోవాల్సిన అవసరం రాలేదు.

"యంత్రాలు అమ్ముకోండి, కాదనను. నా వీపు, నా వంటిల్లు, నా కూతురి దగ్గు పెట్టి మాత్రం అమ్మకండి. ఆ జల్లెడ కూడా ఇక మీరే కడుక్కోండి."

అతను ఏదో అనబోయి, జల్లెడ ఎలా విప్పుతారో తనకు తెలియదన్న సంగతి గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. పిల్ల నవ్వింది. నవ్వి దగ్గింది. దగ్గి, మళ్లీ నవ్వింది.

మర్నాడు పొద్దున్న మసక అలాగే ఉంది. ఒక్క సభతో గాలి మారిపోదు. ఆమె పాలు కాచి దించి, సంచి భుజానికి తగిలించుకుని హాల్లోకి వచ్చింది. భుజం మీద గుడ్డ లేదు. అత్తగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. చూపుడు వేలు గట్టు మీద ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు గీసి, కోడలి ముఖం ముందు పెట్టారు. ఆమె ఆ వేలిని రెండు చేతులతో మెల్లగా పట్టుకుని, కిటికీ వైపు తిప్పింది.

"ఇది వాయవ్యం నుంచి వచ్చింది అత్తయ్యా. పంపినవాళ్లనే వచ్చి తుడవమనండి."

చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి చూసింది. అత్తగారి వేలు ఆమె తిప్పి వదిలిన వైపే ఉంది. ఆవిడ మొదటిసారి, వేలికి అంటిన దుమ్మును వదిలేసి, అది చూపిస్తున్న దిక్కు వంక చూస్తున్నారు.